మేనరికమూ తాకట్టు కాగితమూ: ‘వదరింగ్ హైట్స్’ బంధుత్వాల గురించి

ఎమిలీ బ్రాంటీ వ్రాసిన ‘వదరింగ్ హైట్స్’ నవలను నేను మూడు పర్యాయాలు చదివాను. మొదటిసారి టెక్కలిలో డిగ్రీ చదువుకొనే రోజులలో, పరీక్ష భయంతో. రెండవసారి చాలా ఏళ్ళ తరువాత, ఇష్టంతో. మూడవసారి 2018 చివరలో, ఒక సందేహం తీర్చుకోవడానికి. ఆ సందేహం నాకు పుట్టినది కాదు. చదువు రాని మా అమ్మమ్మకు పుట్టింది.

ఆ సంవత్సరం అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో ఉన్నవారికి ఆ తెల్లవారుజాము గురించి చెప్పనక్కరలేదు. లేనివారికి ఎంత చెప్పినా అందదు. ఉద్యానం అనే మాటే ఉద్దానమయిందని మా ప్రాంతంలో చెప్పుకొంటారు. కొబ్బరి, జీడిమామిడి, పనస కలిసి పెరిగే ఆ తోటల సీమలో నిలువుగా ఉన్న చెట్టు కోసం వెతుక్కోవలసి వచ్చింది. దారులకు అడ్డంగా పడిన చెట్లను నరుక్కొంటూ, ఎక్కినంత దూరం మోటారు సైకిలు ఎక్కి, తక్కినది నడిచి, రెండవ రోజు సాయంత్రానికి నేను మా అమ్మమ్మ ఊరు చేరుకొన్నాను. కరెంటు చాలా రోజులు లేదు. ఫోను లేదు. రాత్రి ఏడు గంటలకే ఊరంతా గాఢాంధకారం. అమ్మమ్మకు నిద్ర పట్టేది కాదు. ఏదైనా కథ చెప్పమనేది. బయట గాలి ఇంకా పూర్తిగా తగ్గలేదు. ఆ గాలి వింటూ ఉంటే నాకు గుర్తు వచ్చిన కథ ఒక్కటే.

‘వదరింగ్’ అనేది యార్క్‌షైర్ మాండలికంలోని మాట. మిట్ట మీద కట్టిన ఇంటిని తాకే గాలి హోరుకు అక్కడివారు పెట్టుకొన్న పేరు. మన ‘వదరు’తో దానికి చుట్టరికం లేదు గాని, ఉన్నా తప్పు పట్టనక్కరలేదు. కథలో ముప్పాతిక భాగం చెప్పేది నెల్లీ డీన్ అనే దాసి, ఆవిడ వదరుబోతే.

కథను తెలియనివారి కోసం క్లుప్తంగా చెబుతాను. మిట్ట మీద వదరింగ్ హైట్స్ అనే పాత ఇల్లు, ఎర్న్‌షా వంశం వారిది. పల్లంలో థ్రష్‌క్రాస్ గ్రేంజ్ అనే గొప్ప భవంతి, లింటన్ వంశం వారిది. ముసలి ఎర్న్‌షాకు హిండ్లీ అనే కొడుకు, కేథరిన్ అనే కూతురు. లింటన్ దంపతులకు ఎడ్గార్ అనే కొడుకు, ఇసబెల్లా అనే కూతురు. 1771 ప్రాంతంలో ముసలి ఎర్న్‌షా అరవై మైళ్ళు కాలినడకన లివర్‌పూల్ వెళ్ళి, వీధిలో దిక్కు లేక తిరుగుతున్న ఒక నల్లని పిల్లవాణ్ణి కోటులో చుట్టుకొని తెస్తాడు. చిన్నప్పుడే చనిపోయిన తన కొడుకు పేరు వాడికి పెడతాడు. వాడే హీత్‌క్లిఫ్. పేరైనా ఇంటిపేరైనా అదొక్కటే.

కేథరిన్, హీత్‌క్లిఫ్ ఒకరిని విడిచి ఒకరు ఉండలేని వారుగా పెరుగుతారు. ముసలివాడు పోయాక హిండ్లీ వాణ్ణి పొలం కూలీగా దించుతాడు. కేథరిన్ ఎడ్గార్‌ను చేసుకొంటానని అనగా విని హీత్‌క్లిఫ్ ఇల్లు విడిచి పోతాడు. మూడేళ్ళకు డబ్బుతో తిరిగి వస్తాడు. జూదంలో హిండ్లీని ముంచి హైట్స్ చేజిక్కించుకొంటాడు. ఇసబెల్లాను లేవదీసుకుపోయి పెళ్ళాడతాడు. కేథరిన్ ఆడపిల్లను కని చనిపోతుంది. ఆ పిల్ల పేరూ కేథరిన్ కనుక తికమక లేకుండా చిన్న కేతీ అంటాను. ఇసబెల్లా కొడుకు పేరు లింటన్. హిండ్లీ కొడుకు పేరు హేర్టన్. రెండవ తరం ఈ ముగ్గురే. చిన్న కేతీ మొదట లింటన్‌ను పెళ్ళాడుతుంది, వాడు చనిపోతాడు. తరువాత హేర్టన్‌ను పెళ్ళాడబోతుండగా నవల ముగుస్తుంది.

నేను ఇక్కడిదాకా చెప్పేసరికి అమ్మమ్మ అడ్డు వచ్చింది.

“అయితే ఆ గుంటకి ఇద్దరూ బావలేనేటి? ఒకడు మేనత్త కొడుకు, ఒకడు మేనమామ కొడుకు!”

ఇన్నేళ్ళుగా ఆ నవల చదువుతూ నేను ఈ సంగతి గమనించలేదు. ఇంగ్లీషులో ‘కజిన్’ అనే ఒక్క మాట అందరినీ ఒకే గాటన కట్టేస్తుంది. పెదనాన్న కొడుకు, పిన్ని కొడుకు, మేనత్త కొడుకు, మేనమామ కొడుకు, అందరూ కజిన్లే. మనకు అందులో ఇద్దరు అన్నదమ్ములు, ఇద్దరు బావలు. చిన్న కేతీ తండ్రి ఎడ్గార్, ఆయన చెల్లెలు ఇసబెల్లా. కాబట్టి లింటన్ మేనత్త కొడుకు. చిన్న కేతీ తల్లి కేథరిన్, ఆవిడ అన్న హిండ్లీ. కాబట్టి హేర్టన్ మేనమామ కొడుకు. ఎమిలీ బ్రాంటీ తెలిసి చేసిందో తెలియక చేసిందో గాని, అటు ఒకటి, ఇటు ఒకటి, సరిగ్గా రెండు మేనరికాలతో కథను పూర్తి చేసింది.

ఇంగ్లండులో ఇది విడ్డూరమేమీ కాదు. తోడబుట్టినవారి పిల్లల మధ్య వివాహం అక్కడ 1540 నుంచి చట్టసమ్మతమే. 1839లో చార్లెస్ డార్విన్ పెళ్ళాడిన ఎమ్మా వెడ్జ్‌వుడ్ ఆయన మేనమామ కూతురు. 1840లో విక్టోరియా రాణి పెళ్ళాడిన ఆల్బర్ట్ ఆమె మేనమామ కొడుకు. నవల అచ్చయినది 1847 డిసెంబరులో. మన వైపు చూస్తే, మేనమామ కూతురిని, మేనత్త కూతురిని పెళ్ళాడడం దక్షిణాది వారి ఆచారమని బౌధాయన ధర్మసూత్రం ఏనాడో నమోదు చేసింది. అయితే వారికి అది అనుమతి మాత్రమే, మనకు హక్కు. తేడా అంతా ఇక్కడే ఉంది. మేనల్లుడికి మేనమామ కూతురి మీద ఉన్న హక్కును కాదంటే మన ఊళ్ళలో తరాల పాటు మాటలు పోయిన ఇళ్ళున్నాయి.

ఆ హక్కు ప్రకారం చూస్తే ఈ నవల తలకిందులవుతుంది. లింటన్‌కు చిన్న కేతీ స్వయానా మేనమామ కూతురు. హేర్టన్‌కు మేనత్త కూతురు. మన లెక్కన మొదటి హక్కు లింటన్‌దే. ఆ రోగిష్టి, ఏడుపుగొట్టు, స్వార్థపరుడైన పిల్లవాణ్ణి ఇష్టపడిన పాఠకుడు ఈ నూట డెబ్బయి ఏళ్ళలో ఒక్కడైనా ఉన్నాడో లేదో. అమ్మమ్మ మాత్రం వాడి తరఫున మాట్లాడింది. “మేనల్లుడికి పిల్లనివ్వననడానికి ఆ ఎడ్గారెవులు? సెల్లెలు సచ్చిపోనాది, దాని కొడుక్కి ఇవ్వడేటి?” అని నిలదీసింది. నిజానికి ఎడ్గార్ చివరిదశలో ఈ పెళ్ళికి పూర్తిగా విముఖుడు కాడు. ఇల్లు ఆ మేనల్లుడికే పోతుంది గనుక, అతడిని చేసుకొంటే తప్ప కూతురు పుట్టిన ఇంట్లో ఉండలేదని ఆయనకు తెలుసు. ఇల్లు ఎందుకు కూతురికి పోదు అనే ప్రశ్న దగ్గరే మనం చరిత్రలోకి వెళ్ళాలి.

ఈ నవల ఒక పిచ్చి ఆవేశంలో వ్రాసినదని, నిర్మాణం లేనిదని చాలాకాలం విమర్శకులు అనుకొన్నారు. 1926లో చార్లెస్ పెర్సీ శాంగర్ అనే ఒక న్యాయవాది చిన్న వ్యాసం వ్రాసి ఆ అభిప్రాయాన్ని తిప్పికొట్టాడు. వర్జీనియా వుల్ఫ్ దంపతుల హోగార్త్ ప్రెస్ దానిని ప్రచురించింది. ఆయన చేసినది సాహిత్య విమర్శ కాదు, ప్లీడరు పని. వంశవృక్షం గీశాడు, తేదీలు లెక్క కట్టాడు, ఆస్తి ఎవరి నుంచి ఎవరికి ఏ చట్టం కింద పోయిందో పరిశీలించాడు. గుమ్మం మీద చెక్కి ఉన్న 1500ను పక్కన పెడితే, నవలలో సంవత్సరం సూటిగా చెప్పినది మూడుచోట్లే: 1778, 1801, 1802. మిగిలినదంతా ‘ఆ తరువాతి వేసవి’, ‘పదమూడో ఏడు’, ‘పౌర్ణమి వెలుగు’ వంటి ఆనవాళ్ళు. వాటిని పట్టుకొని ఆయన ప్రతి పుట్టుకకూ చావుకూ తేదీ కట్టగలిగాడు. కేథరిన్ మరణం, చిన్న కేతీ జననం 1784 మార్చి 20. లెక్క ఎక్కడా తప్పలేదు. వంశవృక్షంలో రెండు ఇళ్ళూ అద్దంలో బింబప్రతిబింబాలలాగా ఉన్నాయని ఆయన చూపాడు. మేనత్త, మేనమామ అనే మాటలు ఆయన భాషలో లేవు గాని, అమ్మమ్మ చూసినదే ఆయనా చూశాడు.

ఆశ్చర్యకరమైన విషయం ఏమిటంటే, ఆస్తి చట్టం విషయంలోనూ ఎమిలీకి గట్టి పరిజ్ఞానం ఉందని శాంగర్ తేల్చాడు. హావర్త్ అనే పల్లెలో చర్చి పాదిరి కూతురు, ముప్పై ఏళ్ళకే 1848 డిసెంబరులో చనిపోయిన మనిషి, ఇదంతా ఎక్కడ నేర్చుకొంది? దీనికి ఒక ఆచూకీ ఉంది. 1838లో ఆమె హాలిఫాక్స్ దగ్గర లా హిల్ అనే బడిలో కొద్ది నెలలు పంతులమ్మగా పనిచేసింది. ఆ ఇంటిని కట్టించినవాడు జాక్ షార్ప్. వాకర్ అనే ఉన్ని వ్యాపారి ఇంట్లో పెంపకానికి వచ్చిన మేనల్లుడు. మేనమామ వ్యాపారాన్నీ ఇంటినీ క్రమంగా తన చేతిలోకి తీసుకొని, అసలు వారసుడు వచ్చి వెళ్ళగొట్టేదాకా అనుభవించి, తరువాత కక్షతో ఆ కుటుంబాన్ని చెడగొట్టడానికి చూశాడు. ఈ కథ ఆ బడిలో ఎమిలీ చెవిన పడి ఉంటుందని పరిశోధకుల ఊహ. ఊహే అయినా నాకు నమ్మబుద్ధి అవుతుంది.

పెంపకం మాట వచ్చింది గనుక ఒక సంగతి. హీత్‌క్లిఫ్ దత్తపుత్రుడు కాడు. కాలేడు కూడా. ఎందుకంటే ఇంగ్లండులో దత్తత అనేదానికి చట్టమే లేదు. మొదటి దత్తత చట్టం వచ్చినది 1926లో, శాంగర్ వ్యాసం అచ్చయిన ఏడే. అంతవరకు పెంచుకొన్న పిల్లవాడు ఎంత ప్రేమగా పెరిగినా చట్టం దృష్టిలో పరాయివాడే. ముసలి ఎర్న్‌షా చనిపోయిన మరునాడు హీత్‌క్లిఫ్‌కు ఆ ఇంట్లో ఉన్న హోదా హిండ్లీ దయ మాత్రమే. మనకు సంగతి వేరు. హోమం చేసి తీసుకొన్న దత్తుడికి కొడుకు స్థానం ఉంది. అందుకే మన తగాదాలు మరో దారిన నడిచాయి.

దీనికి పిఠాపురం సంస్థానాన్ని మించిన ఉదాహరణ లేదు. రాజా గంగాధర రామారావు సంతానం లేక ఒక పిల్లవాణ్ణి దత్తత చేసుకొన్నారు. తరువాత 1885లో ఔరస పుత్రుడు పుట్టాడు. ఆయనే దరిమిలా సూర్యరాయాంధ్ర నిఘంటువుకు పోషకుడైన సూర్యారావు మహారాజు. రాజా వారు సంస్థానాన్ని ఔరసుడి పేర వీలునామా వ్రాసి 1890లో కాలం చేశారు. దత్తపుత్రుడు దావా వేశాడు. మైనరు రాజు తరఫున కోర్ట్ ఆఫ్ వార్డ్స్ నిలబడింది. 1899లో లండనులోని ప్రీవీ కౌన్సిలు వీలునామా చెల్లుతుందని తీర్పు చెప్పింది. విభాగం కాని సంస్థానాన్ని జమీందారు తన ఇష్టం వచ్చినవారికి ఇచ్చుకోవచ్చునని దాని సారాంశం. ఈ తీర్పుతో అప్పులలో ఉన్న జమీందారులు ఎస్టేట్లను తాకట్టులలో పోగొట్టుకొంటారని మద్రాసు ప్రభుత్వం భయపడి, 1904లో ఆ హక్కుకు కళ్ళెం వేస్తూ చట్టం తెచ్చింది. నవలలోని ముసలి లింటన్‌కు ఇటువంటి కళ్ళెం ముందే తెలుసు. ఆయన వీలునామాలో గ్రేంజ్‌ను కొడుకు ఎడ్గార్ బతికినంతకాలం అనుభవించి, ఆ తరువాత ఎడ్గార్ కొడుకులకు, కొడుకులు లేకపోతే కూతురు ఇసబెల్లాకు, ఆమె సంతానానికి పోయేటట్లు కట్టుదిట్టం చేశాడు. ఎడ్గార్ కూతురి ఊసే అందులో లేదు. మనవరాలు ఒకతె పుడుతుందని తోచలేదో, తోచినా లెక్క పెట్టలేదో.

హీత్‌క్లిఫ్ ఎవరి బిడ్డ? నవల చెప్పదు. పొరుగింటి లింటన్ అతడిని మొదటిసారి చూసినప్పుడు లస్కరు పిల్లవాడేమో, అమెరికా నుంచో స్పెయిన్ నుంచో కొట్టుకువచ్చిన వాడేమో అంటాడు. లస్కరు అంటే ఓడలలో పనిచేసే మన దేశపు కళాసీ. ఈ ఒక్క మాట పట్టుకొని హీత్‌క్లిఫ్ భారతీయుడని సంబరపడే మిత్రులు నాకున్నారు. చరిత్ర అందుకు పెద్దగా సహకరించదు. ఈస్టిండియా కంపెనీ గుత్తాధిపత్యం 1813 దాకా ఉంది. కంపెనీ ఓడలు చేరేది లండను రేవుకే. 1771లో లివర్‌పూల్ దేనికి ప్రసిద్ధి అంటే బానిసల వ్యాపారానికి. అక్కడి ఓడలు ఆఫ్రికా తీరానికి, అక్కడి నుంచి వెస్టిండీసుకు మనుషులను మోసేవి. ఆ మరుసటి ఏడే, 1772లో, సోమర్‌సెట్ అనే బానిస విషయంలో లార్డ్ మాన్స్‌ఫీల్డ్ తీర్పు వచ్చింది. ముసలి ఎర్న్‌షా ఆ పిల్లవాడి యజమాని ఎవరని వాకబు చేశాడని నెల్లీ చెబుతుంది. తల్లిదండ్రులు ఎవరని కాదు, యజమాని ఎవరని! ఆ ఒక్క మాటలో లివర్‌పూల్ ఉంది. 2011లో ఆండ్రియా ఆర్నాల్డ్ తీసిన సినిమాలో నల్లజాతి నటుడు హీత్‌క్లిఫ్‌గా వేయడాన్ని కొందరు వింతగా చెప్పుకొన్నారు గాని, అది వింత కాదు.

మూడేళ్ళు మాయమై డబ్బుతో తిరిగి రావడం మీద కూడా పండితులు చాలా వ్రాశారు. సైన్యంలో చేరాడా, అమెరికా యుద్ధానికి వెళ్ళాడా, దోపిడీ చేశాడా? అమ్మమ్మకు అటువంటి సందేహమే రాలేదు. “రంగం ఎల్లుంటాడు” అంది. రంగం అంటే మా వైపు రంగూన్. బారువ, కళింగపట్నం రేవుల నుంచి మా ప్రాంతపు మనుషులు తరాల పాటు ఓడలెక్కి బర్మా వెళ్ళారు. కొందరు తిరిగి రాలేదు. కొందరు కూలి డబ్బులతో వచ్చారు. ఏ ఒక్కరో మాత్రం ఎలా సంపాదించాడో ఎవరికీ తెలియని డబ్బుతో వచ్చి, వెళ్ళేముందు తనను తక్కువగా చూసినవారి పొలం కొన్నాడు. ఇటువంటి మనిషి గురించి మా ఊళ్ళలో ఎవరూ ఆరా తీయరు. రంగం వెళ్ళాడంటే అంతే.

వచ్చిన తరువాత హీత్‌క్లిఫ్ చేసిన పని కత్తితోనూ కాదు, దయ్యాలతోనూ కాదు. తాకట్టుతో. హిండ్లీ భార్య పోయిన దుఃఖంలో తాగుడుకూ జూదానికీ దిగాడు. ఆడడానికి డబ్బు కావాలి. హీత్‌క్లిఫ్ ఇస్తాడు. గజం గజం చొప్పున భూమి తనఖాలోకి పోతుంది. 1784లో హిండ్లీ చనిపోయేనాటికి ఇల్లు, పొలం సర్వం హీత్‌క్లిఫ్ స్వాధీన తనఖాలో ఉన్నాయి. ఆరేళ్ళ హేర్టన్, మూడు వందల ఏళ్ళుగా తన పేరే చెక్కి ఉన్న గుమ్మం వెనుక, జీతం లేని పాలేరుగా పెరుగుతాడు. తనకు అన్యాయం జరిగిందని కూడా వాడికి తెలియదు. వాడు హీత్‌క్లిఫ్‌ను ప్రేమిస్తాడు! నా మటుకు ఈ నవలలో అన్నిటికంటే భయంకరమైనది కిటికీ దగ్గర ఏడ్చే దయ్యం కాదు, ఈ ప్రేమ. చదువు రానివ్వకుండా పెంచితే దోచుకొన్నవాడి మీద కృతజ్ఞత పుడుతుందని ఆ పాదిరి కూతురికి ఎలా తెలిసిందో!

మా జిల్లాలో ఈ సంగతి చదివి తెలుసుకొన్నది కాదు. కొండల మీద సవరల భూములు షావుకార్ల చేతికి పోయినది ఈ దారినే. అప్పు, వడ్డీ, కాగితం, వేలిముద్ర. 1917 నాటికే మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీ ప్రాంతాలకు ఒక చట్టం చేసి, కొండజాతి వారి అప్పు మీద వడ్డీ ఏడాదికి నూటికి 24 మించరాదని, అనుమతి లేకుండా వారి భూమి ఇతరుల పరం కారాదని శాసించింది. శాసనం ఉండగానే భూములు పోయాయి. 1967 నుంచి ఈ కొండలలో, ఉద్దానంలో జరిగినదానికి మూలాలలో అదొకటి. అది వేరే కథ, నాకు అంత తేలికగా చెప్పగలిగేదీ కాదు.

ఇంక బలవంతపు పెళ్ళి. 1801లో హీత్‌క్లిఫ్ చిన్న కేతీని, నెల్లీని హైట్స్‌లో పెట్టి తాళం వేస్తాడు. అవతల గ్రేంజ్‌లో తండ్రి అవసానదశలో ఉన్నాడు. లింటన్‌ను పెళ్ళాడితేనే వదులుతానంటాడు. పిల్ల ఒప్పుకొంటుంది. ఎడ్గార్ తన కూతురి సొమ్మును ధర్మకర్తల చేతిలో పెట్టి కాపాడాలని న్యాయవాదికి కబురు పెడితే, ఆ న్యాయవాది లంచం తిని ఆలస్యంగా వస్తాడు. ఎడ్గార్ చనిపోతాడు. కొద్ది వారాలకే లింటన్ కూడా. ఇప్పుడు చట్టం ఏమంటుంది? ఆనాటి ఇంగ్లండులో పెళ్ళయిన మరుక్షణం భార్య చరాస్తి అంతా భర్తది. నగలు, డబ్బు, పుస్తకాలు కూడా. ఇది 1870లో కొంత, 1882లో పూర్తిగా మారింది. లింటన్ తన చరాస్తినీ, పెళ్ళితో వచ్చిన ఆమె చరాస్తినీ తండ్రికి వ్రాసి చనిపోయాడు. మైనరు గనుక భూమిని మాత్రం వ్రాయలేడు. ఆ భూమిని హీత్‌క్లిఫ్ ఊరికే ఆక్రమించుకొన్నాడు. అతడికి నిజమైన హక్కు లేదని శాంగర్ వాదన. కాని చేతిలో కాసు లేని పదిహేడేళ్ళ విధవ ఎవరి మీద దావా వేస్తుంది?

అదే 1801లో టెక్కలిలో ఒక ఆడపిల్ల పెళ్ళయితే ఆమె స్త్రీధనం శాస్త్రప్రకారం ఆమెదే. ఆచరణలో ఎంత దక్కేదో నేను చెప్పలేను గాని, శాస్త్రం మాత్రం విక్టోరియా రాణి చట్టం కంటే ముందుంది. భూమి మాట వేరు. కూతురికి పుట్టింటి ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానమైన వాటా ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నుంచి అమలులోకి వచ్చింది. అప్పుడు ముఖ్యమంత్రి ఎన్.టి. రామారావు. ఆయనే తరువాత 1994లో మా టెక్కలి నుంచి శాసనసభకు ఎన్నికయ్యారు. దేశమంతటికీ 2005లో వచ్చింది.

ఇదంతా చూశాక గోథిక్ నవల అంటే నాకు దయ్యాల కథ అనిపించడం మానేసింది. ఈ కోవలో మొదటిదని చెప్పే హొరేస్ వాల్‌పోల్ ‘ఒట్రాంటో కోట’ 1764లో వచ్చింది. అందులో ఆకాశం నుంచి పెద్ద శిరస్త్రాణం పడి పెళ్ళికొడుకు చనిపోతాడు, విగ్రహం ముక్కు నుంచి రక్తం కారుతుంది. కాని అసలు తగాదా ఏమిటి? తాత అక్రమంగా సంపాదించిన కోటను మనవడు నిలుపుకోవాలని చూడడం. వంశం నిలవడానికి, చనిపోయిన కొడుక్కి కుదిర్చిన పిల్లనే తాను చేసుకోబోతాడు. ఆ పిల్ల పేరు కూడా ఇసబెల్లాయే. తప్పుడు దస్తావేజు ఉన్న ఇంట్లో దయ్యం తిరుగుతుందని ఆ రచయితలందరి నమ్మకం. మా ఉద్దానపు పాత ఇళ్ళను తలచుకొంటే అది మూఢనమ్మకమని కొట్టివేయలేను.

హీత్‌క్లిఫ్ 1802లో చనిపోతాడు. అదే ఏడు ఇక్కడ మద్రాసు ప్రెసిడెన్సీలో శాశ్వత పైసలా రెగ్యులేషన్ వచ్చింది. మా టెక్కలి అప్పట్లో గంజాం జిల్లాలో ఉండేది, 1936లో ఒరిస్సా ఏర్పడేదాకా అందులోనే. పేష్కషు కట్టలేని జమీందారీలు వేలానికి పోవడం అప్పటి నుంచే మొదలయింది. యార్క్‌షైర్‌లో హీత్‌క్లిఫ్ వీలునామా వ్రాయకుండా పోయాడు. వారసులు లేరు. చట్టప్రకారం అటువంటివాడి ఆస్తి రాజుకు పోవాలి. అప్పుడు చిన్న కేతీ, హేర్టన్ ఇద్దరూ నడివీధిలో నిలబడాలి. శాంగర్‌కు ఈ దిగులు పట్టుకొంది. చివరికి లెక్క వేశాడు. ముసలి లింటన్ వంశంలో మిగిలినది చిన్న కేతీ ఒక్కతే గనుక గ్రేంజ్ ఎలాగో ఆమెకు చేరి ఉంటుంది. హైట్స్ సంగతి తనఖా. ఎంతకాలం స్వాధీనంలో ఉన్నా తనఖా తనఖాయే. విడిపించుకొనే హక్కు హిండ్లీ వారసుడిగా హేర్టన్‌కు ఉంటుంది. ఆ హక్కు చావాలంటే ఇరవై ఏళ్ళు గడవాలి. 1784 నుంచి 1802కు గడిచినవి పద్దెనిమిది. (మన దేశంలో ఈ గడువు 1908 చట్టం కింద అరవై ఏళ్ళు, 1963 చట్టం కింద ముప్పై.)

ఈ లెక్క నేను తుఫాను తరువాత, మూడవసారి నవల చదివినప్పుడు సరిచూసుకొన్నాను. ఆ రాత్రి అమ్మమ్మకు చెప్పినది శాంగర్ వ్యాసం గురించి ఎప్పుడో విన్న జ్ఞాపకంతో.

పెళ్ళి కోసం పిల్లను గదిలో పెట్టి తాళం వేశారని చెప్పిన తరువాత అమ్మమ్మ మేనల్లుడి హక్కు గురించి మరి మాట్లాడలేదు. చాలాసేపు ఊఁ కూడా కొట్టలేదు. నిద్రపోయిందనుకొన్నాను. అమ్మమ్మను ఇచ్చినది తన మేనత్త కొడుక్కే. ఇది మేనరికమని నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. ఆ పెళ్ళికి రెండేళ్ళ ముందు ఆవిడ తండ్రి తన కొబ్బరితోటను బావగారి దగ్గర, అంటే అమ్మమ్మకు కాబోయే మామగారి దగ్గర, స్వాధీన తనఖా పెట్టాడన్న సంగతి మాత్రం తుఫాను తరువాత మా అమ్మ చెబితే తెలిసింది. పెళ్ళితో అప్పు తీరిందో, కాగితం చింపారో, అమ్మకూ తెలియదు. అమ్మమ్మ తమ్ముళ్ళు ఏనాడూ ఆ తోట అడగలేదట. అమ్మమ్మ కాపురం చేసిన ఇంటి పెరటి గోడ అవతల ఉన్నది ఆ తోటే. డెబ్బయి ఏళ్ళు ఆవిడ ఆ కాయలే ఒలిచింది. ఆ రాత్రి వరుసగా నేలమీద పడి ఉన్న చెట్లు అవే.

చీకటిలో ఆవిడ గొంతు వినిపించింది.

“ఆ రెండో పెళ్ళి జరిగిందేటి నాయినా?”

“1803 జనవరి 1న అని అనుకొన్నారు అమ్మమ్మా. కథ అంతకు ముందే ఆగిపోతుంది.”

“కాయితం ఎవుల సేతిలో ఉండిపోనాది?”

తాకట్టు కాగితమా అని అడిగాను. అదే అంది. పెట్టినవాడూ పట్టినవాడూ ఇద్దరూ పోయారని, పద్దెనిమిదేళ్ళే గడిచాయని, అక్కడ ఇరవై నిండితే గాని హక్కు పోదని చెప్పాను. ఆవిడ కాసేపు లెక్క చూసుకొన్నట్టుంది.

“ఇరవై నిండనేదు గదా. అయితే తోట పోదు” అంది.

కథలో ఉన్నది ఇల్లూ పొలమూ గాని తోట కాదని నేను దిద్దలేదు.